నాలుగో గడిలో గుండె

నేను ఉద్యోగమంతా ఆస్పత్రిలోనే చేశాను గాని, ఒక్క రోగి చేయి కూడా పట్టుకుని చూడలేదు. మదనపల్లెలో పెద్ద ఆస్పత్రి, పుంగనూరులో ఒక శాఖ, కుప్పంలో ఇంకో శాఖ. ఈ మూడు చోట్లా ఉన్న కంప్యూటర్లు, ప్రింటర్లు, మంచాల పక్కన గుండె కొట్టుకోవడం చూపించే మానిటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఆ మాటలు దారి తప్పకుండా చూడటం నా పని. మదనపల్లెలో మందుల గోదాము వెనక గదిలో, ఒక తెర ముందు కూర్చుని చేసేవాణ్ణి.

ఆస్పత్రి పేరు రాయను. జీతాలు, ప్రమోషన్ల సంగతి కూడా రాయను, అవి అందరివీ ఒకటే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పదగ్గది ఒక్కటే ఉంది. బతికున్న భర్తను మట్టిలో పెట్టానని ఒకామె చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకం ఆమెకు కలగడానికి కారణం నేను. అది ఎలా జరిగిందో మీకు అర్థం కావాలంటే ముందు పని అర్థం కావాలి.

అడ్రసు, పేరు

నెట్‌వర్క్‌లో ప్రతి మిషన్‌కూ ఒక అడ్రసు, ఒక పేరు ఉంటాయి. అడ్రసు అంకెల్లో ఉంటుంది, మిషన్లకు కావలసింది అదే. పేరు మనుషుల కోసం. అడ్రసు మిషన్‌కు సొంతం కాదు. ఆన్ కాగానే అది సర్వర్‌ను అడుగుతుంది, సర్వర్ ఖాళీగా ఉన్న ఒక అడ్రసును కొంతకాలానికి అద్దెకిస్తుంది. దాన్ని లీజు అంటాం. గడువులోగా మిషన్ మళ్లీ అడగకపోతే ఆ అడ్రసు ఇంకో మిషన్‌కు పోతుంది. ఫలానా పేరు గలది ఫలానా అడ్రసులో ఉందని చెప్పే పట్టిక మాత్రం వేరే ఉంటుంది.

మదనపల్లె వాళ్లకు ఇది చెప్పడం సులభం. టమోటా మార్కెట్ యార్డులో రైతు క్రేట్లు దించే జాగా అతని సొంతం కాదు. ఆ రోజు ఎవరు దించితే వాళ్లది. సరుకు మీద పేరు రాసిన చీటీ ఉంటుంది. నిన్నటి చీటీ అక్కడే పడి ఉండి, ఈ రోజు ఇంకొకరి సరుకు ఆ జాగాలో దిగిందనుకోండి. పేరు ఒకరిది, కాయ ఇంకొకరిది. మా పనిలో వచ్చే తంటాల్లో సగం ఇలాంటివే.

నేను చేరిన కొత్తలో నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేసేవాళ్లం. తర్వాత కన్సోల్ అనే కొత్త తెర వచ్చింది. ఎడమవైపు మూడు ఊళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పుంగనూరు మీద నొక్కితే అక్కడి గదులు, ఐసీయూ మీద నొక్కితే మంచాలు, ఒక్కో మంచానికి ఒక్కో మానిటరు, దాని పక్కన అడ్రసు. మౌసుతో నొక్కితే చాలు, చేర్చవచ్చు, మార్చవచ్చు, తీసేయవచ్చు. ఎండలో బస్సెక్కి పుంగనూరు పోవలసిన పని తప్పింది. కొన్నాళ్లకు ఆ తెరలో కనబడేవి మంచాలేనని నాకు అనిపించడం మొదలైంది. అవి పేర్లు. మంచాలు పుంగనూరులో ఉన్నాయి.

కుప్పం ప్రింటరు

ఒకరోజు కుప్పం నుంచి గుమాస్తా గోవిందప్ప ఫోన్ చేశాడు.

"సార్, బీగం ఏసిన రూములో ప్రింటరు దానంతటదే కాగితాలు కక్కుతాండాది."

"ఏం కాగితాలు?"

"ఎవురో ఆడమనిషి కడుపు స్కానింగు రిపోర్టు సార్. మళ్లీ మళ్లీ అదే. ఆయమ్మ మా ఊరి మనిషే కాదు. ఈడికి ఎప్పుడూ రాల్యా. ఆయా కర్పూరం ముట్టిచ్చినాది. అయినా నిల్సలా."

మదనపల్లె స్కానింగు గదిలో ఒకావిడ రిపోర్టు ప్రింటు కాక, అక్కడి టెక్నీషియను మళ్లీ మళ్లీ నొక్కుతున్నాడు. ఆ ప్రింటరు పేరుకు ఎదురుగా ఉన్న అడ్రసు ఎప్పుడో కుప్పం ప్రింటరుకు పోయింది. పేరు సరిచేశాను, ఆగిపోయింది.

"కర్పూరం డబ్బులు నాకు బిల్లెయ్యి గోవిందప్పా" అన్నాను.

"నీకు బిల్లెయ్యాల్నంటే ముందు ఆయాకు సెప్పల్ల సార్. ఆయమ్మ తనవల్లే నిల్సిందంటాది."

ఆ తర్వాత నాకు దయ్యాల డాక్టరని పేరొచ్చింది. నాకది ఇష్టంగానే ఉండేది. ఎవరు ఏ వింత చెప్పినా, సగం వినగానే నవ్వు వచ్చేది. దయ్యం లేదని తేల్చితే మా పని అయిపోయిందనుకునేవాణ్ణి. దయ్యం కాకపోతే ఉన్నది ఏమిటి, అది ఎవరిది అనేది కూడా మా పనేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

శంకరయ్య సార్ నియమం

నా పై అధికారి శంకరయ్య సార్ మంచివాడు. తప్పు మాదైనా యాజమాన్యం ముందు తాను నిలబడేవాడు. ఆయన నియమం ఒక్కటే: పని చేస్తున్నదాని జోలికి పోవద్దు.

కన్సోల్‌లో ఒక చిన్న టిక్కు ఉంటుంది. అది పెడితే, ఏ మిషన్ లీజు తీరిపోతే దాని పేరు కూడా పట్టికలోంచి దానంతటదే చెరిగిపోతుంది. ఒకసారి నేనది పెట్టాను. సెలవు రోజుల్లో ఆపి ఉంచిన ల్యాబు ప్రింటర్ల పేర్లన్నీ చెరిగిపోయి, మర్నాడు రిపోర్టులు ఆగాయి. సార్ గదిలోకి వచ్చాడు.

"ఎన్ని తూర్లు సెప్పల్లప్పా నీకు? నడుస్తాండే ఎద్దును ముల్లుకర్రతో పొడస్తావా? తీసెయ్యి ఆ టిక్కు. మళ్లీ దాన్ని ముట్టుకున్నావంటే సెయ్యి ఇరుస్తా."

తీసేశాను. అప్పటినుంచి పాత పేర్లు పట్టికలో అలాగే పడి ఉండేవి. ఆయన నియమం చెడ్డదని అనను. ఒక వస్తువు ఎందుకు నడుస్తోందో తెలిసినవాడు దాన్ని కదిలించకపోవడం జాగ్రత్త. తెలియనివాడు కదిలించకపోవడం వట్టి భయం. నాది రెండో రకం.

ఇంకొకటి కూడా చేశాను. పుంగనూరులో రోగుల వెంట వచ్చినవాళ్ల ఫోన్లు కూడా అదే నెట్‌వర్క్‌లోకి ఎక్కేవి, అడ్రసులు చాలేవి కావు. వాటిని వేరు చేయడం సరైన పని. దానికి శ్రమ పడాలి. నేను కన్సోల్‌లో ఒక అంకె మార్చి లీజు గడువు బాగా తగ్గించాను. ఎవరు కాస్సేపు కనబడకపోయినా వాళ్ల అడ్రసు వేరేవాళ్లకు పోతుంది. ఫిర్యాదులు ఆగాయి. పని చేస్తోంది కాబట్టి మళ్లీ దాని జోలికి పోలేదు.

నిద్రపోయే మిషన్లు

చావును చూసిన వస్తువుకు మైల ఉంటుందని మా పల్లెల్లో నమ్మకం. ఐసీయూలో మంచం గురించి నర్సులు అబద్ధం చెప్పగలరు, ఎవరూ పోలేదని. మానిటరు గురించి చెప్పలేరు. పక్క మంచాల వాళ్లంతా అద్దంలోంచి ఆ తెరనే చూస్తుంటారు. దాని మీద గీత అడ్డంగా పడుకోవడం వాళ్ల కళ్లముందే జరుగుతుంది. "ఆ మిషను మావోడికి పెట్టొద్దండమ్మా" అని కాళ్లు పట్టుకునేవాళ్లు. కొందరు రోగినే లేపుకుని వెళ్లిపోయేవాళ్లు.

అందుకని పుంగనూరు ఐసీయూలో ఒక పద్ధతి ఏర్పడింది. ఒక మంచం మీద ఎవరైనా పోతే, ఆ మానిటరును ఆపి, వైర్లు చుట్టి, స్టోరు గదిలో పెట్టేవాళ్లు. మర్నాడు ఆయా పసుపు నీళ్లు చిలకరించి, పొడి గుడ్డతో తుడిచి, మళ్లీ తెచ్చి తగిలించేది. మిషన్‌ను నిద్రబుచ్చడం అనేవాళ్లు దాన్ని. ఏ కాగితం మీదా లేదు గాని, అందరికీ తెలుసు.

ఐసీయూ పెద్ద నర్సు హసీనా నాకు చెప్పినప్పుడు నేను ఎగతాళి చేశాను.

"మిషన్‌కు మైలేమిటమ్మా? రేపు పిండం కూడా పెడతారా?"

"నాకేం మైల సార్, నేను నమాజు సేసుకునేదాన్ని. బయపడి పేషెంటును ఎత్తుకపోతే నష్టమా, మిషను ఒగ దినం పండుకుంటే నష్టమా? మీరే సెప్పండి."

పడుకుంటే నష్టం ఏమీ లేదన్నాను. మిషన్లు నిద్రపోతాయని నాకు తెలుసు. లీజు గడువు తగ్గించింది నేనే. పేర్లు చెరిగే టిక్కు తీసేసింది నేనే. మూడూ తెలిసి, మూడింటినీ ఒకచోట పెట్టి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ రోజు

ఆ రోజు పుంగనూరులో నాలుగో మంచం మీద ఉన్నది గంగులప్ప. మెట్ట ఊళ్లో గొర్రెలు మేపుకునేవాడు. పొద్దున ప్రాణం పోయింది. డాక్టరు చూసి రాసిచ్చాడు. శవాన్ని కింది గదికి దించారు, మానిటరును స్టోరులో నిద్రబుచ్చారు. గంగులప్ప భార్య సిద్దమ్మ, బెంగళూరు నుంచి మరిది వచ్చేదాకా కదలనని, నర్సుల బల్ల ఎదురుగా బెంచీ మీద కూర్చుంది.

ఆ బల్ల మీద ఒక పెద్ద తెర ఉంది. ఒక్కో మంచానికి ఒక్కో గడి. ఆ గడి తన మంచం మానిటరును పేరుతో పిలిచి, అది చెప్పే గుండె గీతను చూపిస్తుంది. సిద్దమ్మకు చదువు రాదు. అయినా పై వరసలో చివరి గడి తన భర్తదని ఆమెకు తెలుసు. ఆస్పత్రికి వచ్చినప్పటినుంచీ ఆమె చూసింది అదొక్కటే. మిషన్ నిద్రపోయాక ఆ గడి నల్లబడింది.

అంతలో కుప్పం నుంచి అంబులెన్సు వచ్చింది. శాంతిపురం దగ్గర గ్రానైటు కోసే మునిరత్నం అనే అతను, గుండెపోటు. తెలివి లేదు. కుప్పం వాళ్లు ఒక మానిటరు తగిలించి దానితోనే పంపారు. అతణ్ణి స్తంభం వెనక ఏడో మంచం మీద వేశారు. ఆ మంచం సొంత మానిటరు రిపేరుకు పోయి ఉంది, ఏడో గడి చాలాకాలంగా నల్లగానే ఉండేది, అందరి కళ్లకూ అలవాటైపోయింది. కుప్పం మానిటరు వైరును అక్కడి గోడకు తగిలించారు. అది అడ్రసు అడిగింది. సర్వర్ దగ్గర ఖాళీగా ఉన్నది ఒక్కటే, నిద్రపోతున్న నాలుగో మంచం మిషన్ పోగొట్టుకున్నది. దాన్నే ఇచ్చింది. పట్టికలో నాలుగో మంచం పేరు ఎదురుగా ఇంకా అదే అడ్రసు ఉంది.

నాలుగో గడిలో పచ్చ గీత లేచింది.

మొదట చూసింది సిద్దమ్మే. తర్వాత జరిగినదంతా హసీనా నాకు చెప్పింది.

"సిస్టరమ్మా, మా ఆయప్ప."

"పోయినాడు కదమ్మా. డాక్టరు సార్ సెప్పినాడు గదా."

"ఆడ సూడు. కొట్టుకుంటాండాది."

హసీనా చూసింది. నాలుగో మంచం దగ్గరికి పోయింది. దుప్పటి కూడా లేని ఉత్త పరుపు. స్టోరు గది తెరిచింది. చుట్టిన వైర్లతో మిషన్ అరలో ఉంది, తెర నల్లగా, తాకితే చల్లగా. తిరిగి వచ్చి చూస్తే గడిలో గీత నడుస్తూనే ఉంది. అప్పుడామె కింది గదికి దిగి, గంగులప్ప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నది. "ఇన్నేండ్లలో శవం గుండె ఇన్నది అదొక్క తూరే సార్. ఏమీ ఇనపడలా. అయినా సెవి తియ్యాలంటే బయమేసింది" అంది నాతో తర్వాత.

పైకి వచ్చేసరికి మరిది, ఊరివాళ్లు చేరారు. శవాన్ని బండిలోకి ఎక్కించాలని వాళ్లు, వద్దని సిద్దమ్మ.

"ఒదినా, పొద్దు పోతాండాది, పైకి లెయ్యి."

"ప్రాణముండేవాణ్ణి పాడెకు ఎట్ల కడతావప్పా? నీకు కండ్లు ల్యావా? ఆడ సూడు!"

హసీనా నాకు ఫోన్ చేసింది. నేను కన్సోల్ తెరిచాను. పుంగనూరు, ఐసీయూ, నాలుగో మంచం. పేరుంది, అడ్రసుంది. ఉన్నావా అని ఒక పింగ్ పంపాను. ఉన్నానని జవాబు వచ్చింది.

"మిషన్ ఆన్‌లోనే ఉందమ్మా."

"స్టోరులో ఉండాది సార్. కరెంటు కూడా ల్యాదు దానికి. నా సేత్తో సూసొస్తి."

ఒక్క క్షణం వెన్ను చల్లబడింది. కరెంటు లేని మిషన్ నాకు జవాబు చెప్పింది. ఆ చలిని పట్టించుకుని ఉంటే అంతా వేరుగా జరిగేది. కాని నాకు కుప్పం ప్రింటరు గుర్తొచ్చింది. పాత చీటీ, కొత్త సరుకు. తెలిసిన దయ్యమే. నవ్వొచ్చింది కూడా.

ఈలోగా పుంగనూరు మేనేజరు ఫోను లాక్కున్నాడు.

"ఏమప్పా ప్రసాదూ, ఆ గడి ఆర్పుతావా లేదా? ఆయమ్మ లేస్తేగాని బండి కదల్దు. వార్డంతా జనం."

నాలుగో మంచం పేరు మీద మౌసు పెట్టి, తీసెయ్ అని నొక్కాను. నిజంగా తీసెయ్యాలా అని కన్సోల్ అడిగింది. అవునన్నాను.

ఫోనులో ఒక కేక వినబడింది. "సంపేసినారు! ఇప్పుడు సంపినారప్పా నా మొగుణ్ణి!" ఆ తర్వాత ఇంకేమీ వినబడలేదు. సిద్దమ్మ తనంతట తానే లేచి, మెట్లు దిగి, బండెక్కిందట.

"బాగా సేస్తివి" అన్నాడు మేనేజరు. ఫోను తిరిగి హసీనా చేతికి వచ్చింది. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"సార్, పేరు తప్పయితే కానీండి. ఆ గుండె ఎవురిది?"

"ఎవరిదీ కాదమ్మా. పాత డేటా. నువ్వు భయపడకు."

పాత డేటా కొట్టుకోదు. నాకు తెలుసు. అయినా ఆ మాట నోటికి అంత సులువుగా వచ్చింది.

ఉన్నావా, ఉన్నాను

నేను టీ తాగి వచ్చేసరికి ఫోను మోగుతోంది.

"సార్, ఏడో మంచం మీద మనిషుండాడు. తెర మీద ఆయన యాడుండాడు? ఏడో గడి నల్లగా ఉండాది. ఇంగ యాడా ల్యాడు."

అప్పుడు, చేయవలసినప్పుడు చేయని పని చేశాను. కన్సోల్‌లో రెండో పలక ఉంటుంది. పేర్లది కాదు, అద్దెలది. ఏ అడ్రసు ఈ నిమిషాన ఎవరి దగ్గర ఉందో చెప్పేది. ఒక్కసారి నొక్కితే చాలు. ఆ అడ్రసు కుప్పం మానిటరు దగ్గర ఉంది.

"హసీనా, ఏడో మంచం దగ్గరికి పో! ఆ గుండె ఆయనదే!"

ఆమె ఫోను బల్ల మీద పెట్టి పరుగెత్తింది, కట్ చేయలేదు. నేను చెవికి ఆనించుకుని విన్నాను. చెప్పుల చప్పుడు. దూరంగా, స్తంభం వెనక, చిన్నగా కూస్తున్న మానిటరు. అది ఎంతసేపటినుంచి కూస్తోందో. సిద్దమ్మ చుట్టూ ఉన్న గొడవలో ఎవరికీ వినబడలేదు. దాని గుండె గీత కనబడే ఒకే ఒక్క గడిని నేను ఆర్పేశాను.

"డాక్టర్ సార్!" అని హసీనా అరుపు. మంచం కిర్రుకిర్రుమనడం. ఎవరో ఛాతీ నొక్కుతూ ఒగరుస్తూ లెక్కపెట్టడం.

నా ముందు తెర ఉంది. మూడు ఊళ్లు, పేర్లు, అడ్రసులు. నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ అడ్రసుకు పింగ్ పంపాను. ఉన్నాను అంది. మళ్లీ పంపాను. ఉన్నాను. ఆ జవాబు మిషన్‌ది. దానికి తగిలించిన మనిషి ఉన్నాడో లేడో అది చెప్పదు, మనిషి పోయినా అదే మాట, అదే తీరుగా చెబుతుంది. అది తెలిసి కూడా ఆపలేకపోయాను. ఉన్నావా, ఉన్నాను. ఉన్నావా, ఉన్నాను. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ కీబోర్డు మీద పడుతోంది. బయట మందుల డబ్బాలు దించుతున్నవాళ్లు జోకులేసుకుంటున్నారు. నాకు మాత్రం, ఊరూ పేరూ తెలియని ఏదో ఒకటి చీకట్లో కూర్చుని నా ప్రతి పిలుపుకూ ఓపిగ్గా పలుకుతున్నట్టు ఉంది.

చాలాసేపటికి హసీనా ఫోనెత్తింది.

"వచ్చినాడు సార్."

"ఎవరమ్మా?"

"మునిరత్నం. గుండె వచ్చినాది."

తర్వాత

ఆ రాత్రే ప్రతి మంచం మానిటరుకూ అద్దె లేని శాశ్వత అడ్రసు రాశాను. ఫోన్లను వేరు చేశాను. ఏదైనా పేరు తీసే ముందు ఆ అడ్రసులో ఇప్పుడు ఎవరున్నారో చూడాలని నా గది గోడ మీద రాసి అంటించాను. మీరూ చూడండి. విచారణలో సాంకేతిక లోపమని రాశారు, నేను సంతకం పెట్టాను. ఎవరిమీదా మాట రాలేదు. మునిరత్నం బతికాడు గనక నా తప్పు అక్కడితో సరిపోయిందనుకున్నాను. సిద్దమ్మ నాకు గుర్తు కూడా రాలేదు.

కొన్ని నెలలకు హసీనా మదనపల్లె వచ్చినప్పుడు నా గదిలోకి తొంగిచూసింది.

"సిద్దమ్మ గ్యాపకం ఉండాదా సార్? మొగునికి దినం సెయ్యనీలేదంట. ప్రాణముండేవాణ్ణి పూడిస్తిమి, దినమేంది అంటాందంట. దినామూ సంగటి కట్టుకోని గుంత కాడికి పోతాందంట. మట్టికి సెవి పెట్టి ఇంటాందంట."

"నువ్వు చెప్పలేదా అమ్మా, అది వేరే మనిషి గుండె అని?"

"ఇంటికి పొయ్యి సెప్తి. అయితే ఎవురిదో సూపియ్ అనింది. నేను యాడనుంచి సూపిచ్చేది? మీరు రాండి సార్ ఒగ తూరి."

వస్తానన్నాను. పోలేదు. ఆదివారాలు గడిచాయి, సంవత్సరం తిరిగింది. ఆమె ముందు నిలబడి ఏం చెప్పాలో తెలియకపోవడం ఒక కారణం. అసలు కారణం, ఆ కేక నాకు ఫోనులో తప్ప ఎదురుగా వినే ధైర్యం లేదు. ఉద్యోగం ఉన్నంతకాలం పని ఉందని తప్పించుకున్నాను. రిటైరయ్యాక ఆ సాకు కూడా పోయింది.

శాంతిపురం వెళ్లి మునిరత్నాన్ని వెతికి పట్టుకున్నాను. రాయి కోసే పని మానేసి, ఒక పాలిషింగు షెడ్డు దగ్గర కాపలా ఉంటున్నాడు. సంగతంతా చెప్పాను. తన గుండె ఆగబోయే ముందు అది కనబడే గడిని ఆర్పింది నేనేనని కూడా చెప్పాను.

"నా గుండెను పట్టుకోని ఆయమ్మ అంత ఏడిసిందా సార్" అన్నాడు. "మా ఇంట్లోవోళ్లకు నేను ఆస్పత్రికి పోయిందే తెల్దు ఆ పొద్దు. పదండి పోదాం."

ఇద్దరం బస్సులో పుంగనూరు, అక్కడినుంచి ఆటోలో ఆ ఊరు చేరాం. సిద్దమ్మ వాకిట్లో కూర్చుని సంగటి ముద్దను గుడ్డలో కడుతోంది. బెంగళూరు వదిలి ఊరికి వచ్చేసిన మరిది కొట్టంలో గొర్రెలకు ఆకు వేస్తున్నాడు.

"ఎవురప్పా మీరు?"

"మదనపల్లె ఆస్పత్రిలో పని చేసేవాణ్ణమ్మా. ఆ రోజు ఆ గడి ఆర్పింది నేను."

ఆమె అరవలేదు. నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"నిన్ను ఆడ సూల్లేదే నేను."

"నేను మదనపల్లెలో ఉన్నానమ్మా."

"ఆడనుంచే ఆర్పితివా?"

"అక్కడనుంచే."

మునిరత్నాన్ని చూపించాను. నువ్వు చూసిన గుండె ఇతనిది, నీ భర్త పొద్దునే పోయాడు, నువ్వు పూడ్చింది శవాన్నే అని చెప్పాను. ఇన్నేళ్లు కూడబలుక్కున్న మాటలు అంతకంటే లేవు.

"ఎవురినో ఒకర్ని పిల్సుకోనొచ్చి ఈయప్పదే అంటే నమ్మల్నా?"

మునిరత్నం ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పాడు. "సెయ్యి పెట్టి సూడమ్మా."

ఆమె చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని అతని ఛాతీ మీద ఆనించింది. కళ్లు మూసుకోలేదు, అతని ముఖంలోకే చూస్తోంది. చెయ్యి తీయకుండానే, పక్కన ఎవరూ లేనట్టు చెప్పింది.

"కుంటుతాండాది."

"అవునమ్మా. రెండు కొట్టి ఒగటి తప్పుతాది. డాక్టరు మాత్ర ఇచ్చినాడు."

"మా ఆయప్పది ఒగటే నడక. మంద ఎనకాల నడిసినట్ల. ఆ పొద్దు కుంటినాది. ప్రాణం పోరాడతాందేమో, అందుకని కుంటుతాందనుకుంటి." ఆమె వేళ్లు అతని ఛాతీ మీద ఆ తప్పిన దెబ్బ కోసం ఎదురుచూస్తున్నాయి. తప్పింది. ఆమె తల ఊపింది. "ఇదే. ఇదే ఇది."

కాస్సేపటికి అడిగింది, "ఆ పొద్దు యాల పలక్కపోతివి నాయనా? ఒగ మాట పలికింటే నేనింత..."

"తెలివి లేదమ్మా."

ఆమె చెయ్యి తీసింది. కొట్టం వైపు తిరిగింది.

"అప్పా, అయ్యవారిని అడిగి మీ అన్నకు దినం ఎప్పుడో పెట్టియ్యి."

మరిది చేతిలో ఆకు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

అప్పుడామె నా వైపు చూసింది. "గుండె కొట్టుకుంటాంటే పేరెట్ల తీసేస్తివప్పా?"

"ఎవరిదని అడగలేదమ్మా" అన్నాను.

ఆమె గుంత దగ్గరికి తీసుకుపోవడానికి కట్టిన గుడ్డ విప్పింది. లోపలినుంచి పళ్లెం తెచ్చి, సంగటి ముద్ద పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసి, మునిరత్నం ముందుకు జరిపింది.

"తిను నాయనా."

అతను నా వైపు చూశాడు, తర్వాత తిన్నాడు. నాకు పెట్టలేదు. వాకిలి అవతల ఎండలో నిలబడి, అతను చెయ్యి కడుక్కునేదాకా ఉన్నాను.